కేసు పెట్టాక పక్కన నిలబడేదెవరు?

(ఇబ్రహీంపట్నంలో రైతు, వ్యవసాయ కూలీ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, కౌలు రైతుల గురించి, పాసు పుస్తకాల్లో తప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేరాలకు గురైనవాళ్ళ గురించి అనగానే ఇది వకీళ్ళ పని, పోలీసుల పని, రైతు సంఘానికి ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి మన ఊళ్ళు తలుచుకోండి. బావి దగ్గర మోటారు, స్టార్టరు, కేబుల్ వైరు ఎత్తుకుపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ లాగేశారు. రాత్రికి రాత్రి మేకల మంద ఖాళీ అయింది. తాత పేరున ఉన్న భూమిని ఎవరో దొంగ వారసుల చేత రిజిస్ట్రీ చేయించారు. పత్తి విత్తనం మొలవలేదు. ఫోన్‌కు వచ్చిన లింకు నొక్కగానే బ్యాంకులో ఉన్న పంట డబ్బు పోయింది. కూలికి పోయిన ఆడపిల్ల మీద చేయి వేశారు. ఇవన్నీ నేరాలే. వీటికి గురైనవాళ్ళంతా మన సభ్యులే, మన సభ్యుల ఇళ్ళవాళ్ళే. అయినా వీటిని మనం 'కష్టం' అంటాం, 'ఖర్మ' అంటాం. నేరం అనం.

ఇక్కడ భూమి ధర పెరిగినకొద్దీ నేరమూ పెరిగింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, ఫార్మాసిటీ పేరు మీద యాచారం, కందుకూరు వైపు భూసేకరణ నడిచింది, గుంటలు గజాలయ్యాయి. 2022 మార్చి 1న కర్ణంగూడ దగ్గర భూమి తగాదాలో ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి చంపారు. అంతకుముందు 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. నిప్పు పెట్టినవాడూ బతకలేదు. అప్పట్లో కొందరు 'పాసు పుస్తకం కోసం తిప్పితే అంతే మరి' అన్నారు. ఆ మాటను మేము అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోం. రెవెన్యూ వ్యవస్థ మీద పోరాటం వేరు, మనిషిని కాల్చడం వేరు. కలెక్టరు ఆఫీసు ముందు ధర్నా చేసే నోటితోనే ఆ డ్రైవరు కుటుంబం కూడా బాధిత కుటుంబమే అని మనం చెప్పగలగాలి.

ఇక అసలు విషయం. నేరం జరిగాక కోర్టు కాగితం మీద కేసు పేరు ఎలా ఉంటుందో చూశారా? ప్రభుత్వం ఒక వైపు, నిందితుడు ఒక వైపు. దెబ్బ తిన్నవాడి పేరు సాక్షుల జాబితాలో ఉంటుంది. చాలా కాలం మన చట్టంలో 'బాధితుడు' అనే మాటకు నిర్వచనమే లేదు. 2009 ఆఖరులో అమల్లోకి వచ్చిన సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ మాట చేరింది. బాధితుడంటే నష్టపోయిన మనిషే కాదు, అతని సంరక్షకుడు, చట్టబద్ధ వారసుడు కూడా అని రాశారు. నష్టపరిహార పథకం పెట్టాలన్నారు. నిందితుణ్ణి వదిలేస్తే అప్పీలుకు పోయే హక్కు ఇచ్చారు. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇవన్నీ కొనసాగాయి, కొన్ని కొత్తవీ చేరాయి. కొత్త చట్టాల మీద మనకు చాలా అభ్యంతరాలున్నాయి, పోలీసుల చేతికి అధికారం ఎక్కువ ఇచ్చారని మన సంఘం చెబుతూనే ఉంది. అది అలా ఉంచి, బాధితులకు పనికొచ్చేవి ఏమున్నాయో తెలుసుకోవాలి.

మొదటి గడప పోలీస్ స్టేషన్. అక్కడే చాలా కేసులు చచ్చిపోతాయి.

మన జిల్లాలోనే, 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ గేటు పక్కన ఒక పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. దేశమంతా దిశ అని పిలిచిన కేసు అది. మన పశువులకు సూది వేసే డాక్టరమ్మ. ఆ రాత్రి ఇంటివాళ్ళు స్టేషన్‌కు పోతే ఇది మా పరిధి కాదంటూ ఇంకో స్టేషన్‌కు పంపారని, విలువైన గంటలు పోయాయని కుటుంబం చెప్పింది. తెల్లారి షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో కాలిన శరీరం దొరికింది. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ తర్వాత డిసెంబరు 6న జరిగిన ఎన్‌కౌంటర్ గురించే జనం ఎక్కువ మాట్లాడుకున్నారు, పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్ నిజమైనది కాదని 2022లో తేల్చింది. మేము మాత్రం ఆ మొదటి రాత్రి దగ్గరే ఆగుతాం. ఆ కుటుంబానికి అప్పుడు కావలసింది తుపాకీ కాదు. ఫిర్యాదు తీసుకుని వెంటనే బయల్దేరే ఒక పోలీసు.

దీనికి మందు జీరో ఎఫ్‌ఐఆర్. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, నంబరు సున్నాతో రాసి తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఇది ముందు నుంచీ ఉంది, ఇప్పుడు చట్టంలోనే రాశారు, 173వ సెక్షన్. కాబట్టి మంచాల మనిషికి యాచారంలో దెబ్బ తగిలి ఇబ్రహీంపట్నం స్టేషన్‌కు వస్తే 'అక్కడికి పో' అనే మాట చెల్లదు. విచారణకు తీసుకోదగ్గ నేరం అని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న చెప్పింది. కొత్త చట్టం ఇందులో ఒక మెలిక పెట్టింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. దీన్ని అడ్డం పెట్టుకుని నెలలు గడపడానికి లేదు, ఆ 14 రోజులు లెక్కపెట్టుకుని అడగాలి.

ఫిర్యాదు నోటితో చెప్పినా వాళ్ళే రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చదివి వినిపించకుండా వేలిముద్ర వేయొద్దు. మన పెద్దలు ఇదివరకు పట్వారీ ముందు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేసి పోగొట్టుకున్న భూములెన్నో ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి, మన దగ్గరైతే కమిషనరేట్ అధికారికి, రిజిస్టర్ పోస్టులో పంపాలి. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. దరఖాస్తు తీసుకుని 'పిలుస్తాంలే' అంటే అది ఎఫ్‌ఐఆర్ కాదు. ఈ తేడా తెలియక ఆరు నెలలు తిరిగి, అసలు కేసే కట్టలేదని తెలుసుకున్నవాళ్ళు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులే బాధితులకు తెలియజేయాలి. ఎస్సెమ్మెస్ పంపినా సరే. వాళ్ళంతట వాళ్ళు పంపరు, అడగాలి.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడాల్సిన విషయం. రాజీ.

మన ఊళ్ళలో నేరం జరగ్గానే స్టేషన్ కంటే ముందు పంచాయితీ కూర్చుంటుంది. చెట్టు కిందనో, పెద్దమనిషి ఇంటి ముందో, ఇప్పుడైతే ఫంక్షన్ హాల్లో. 'ఊరి పరువు', 'పిల్ల పెళ్ళి కావాలి', 'కోర్టు చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతారు', 'ఎంతో కొంత ఇప్పిస్తాం'. మాట్లాడేవాళ్ళు అన్ని పార్టీలవాళ్ళూ ఉంటారు. రైతు సంఘం నాయకుడికి ఊళ్ళో మాట ఉంటుంది కాబట్టి అతన్నీ పిలుస్తారు. గట్టు తగాదాకు, బావి నీళ్ళ వంతులకు, అన్నదమ్ముల పంపకాలకు మనం కూర్చోవాలి. అందులో మనం మంచి చేస్తాం కూడా. చిన్న చిన్న కొట్లాటల్లో రాజీకి చట్టమే ఒప్పుకుంటుంది, లోక్ అదాలత్‌లు ఉన్నది దానికే. కానీ అత్యాచారానికి, పసిపిల్లల మీద జరిగిన దానికి, దళితుల మీద జరిగిన అత్యాచారాలకు, వరకట్నపు చావుకు పంచాయితీ లేదు. ఇవి రాజీకి వీల్లేని నేరాలు. అక్కడ కూర్చుని డబ్బు తెంపినవాడు మధ్యవర్తి కాదు. నేరస్తుణ్ణి శిక్ష నుంచి తప్పించడానికి డబ్బు తీసుకోవడం, ఇప్పించడం విడిగా నేరాలు.

18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. పోక్సో చట్టం ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. అంటే ఆ పంచాయితీలో చాప మీద కూర్చున్న ప్రతివాడూ ఆ క్షణం నుంచి నిందితుడు కాగలడు. రెండు పక్షాలూ రాజీపడ్డాయని పోక్సో కేసు కొట్టేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో తేల్చిచెప్పింది. అక్కడ నిందితుడు ఒక ఉపాధ్యాయుడు. పిల్ల తండ్రే కేసు వద్దని రాసిచ్చాడు. హైకోర్టు కేసు కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్ళీ నడపమంది. ఆ తండ్రి ఎందుకు రాసిచ్చాడో మనం ఊహించగలం. అతని పక్కన ఎవరూ లేకపోతే అతనేం చేస్తాడు? రాజీ అనేది చాలాసార్లు క్షమించడం కాదు. ఒంటరితనం.

అందుకే మా ప్రతిపాదన. ఇలాంటి కేసుల్లో సంఘం సభ్యుడెవరూ పంచాయితీలో కూర్చోకూడదు. పిలిస్తే పోయి 'ఇది స్టేషన్‌కు పోవాల్సింది' అని చెప్పి, బాధిత కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయటికి రావాలి. దీనికి ఓట్లు తగ్గుతాయి, ఊళ్ళో కొన్ని ముఖాలు మాడిపోతాయి. తగ్గనివ్వండి.

అలా బయటికి వచ్చాక ఎక్కడికి పోవాలి? లైంగిక దాడి జరిగితే ముందు ఆసుపత్రికి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకు వాళ్ళే తెలపాలి. ఎఫ్‌ఐఆర్ తెచ్చాకే చూస్తామనడం నేరం, ఏడాది దాకా శిక్ష ఉంది. బట్టలు ఉతకకుండా, స్నానం చేయించకుండా తీసుకుపోవాలని ఇంట్లో ఆడవాళ్ళకు ముందే తెలిసి ఉండాలి. కన్నతల్లి మొదట చేసేది స్నానం చేయించడమే, అది సహజం, దాంతో సాక్ష్యం పోతుంది. రెండు వేళ్ళ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, 2022 అక్టోబరులో మళ్ళీ గట్టిగా చెప్పింది. వాంగ్మూలం మహిళా అధికారి తీసుకోవాలి, బాధితురాలు కోరిన చోట తీసుకోవాలి. ఆమె పేరు, ఊరు, ఇంటి గుర్తులు ఎక్కడా బయటపెట్టకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి 'న్యాయం చేయాలి' అని రాసేవాళ్ళకు ఇది ముఖ్యంగా చెబుతున్నాం. మన కరపత్రాలకు కూడా ఇదే నియమం.

181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి కలుపుతారు. నిర్భయ నిధితో 2015 నుంచి దేశమంతా వచ్చిన వన్ స్టాప్ సెంటర్లకే మన దగ్గర సఖి అని పేరు. వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్, కొద్ది రోజులు తలదాచుకోవడానికి చోటు, ఇవన్నీ ఒకే చోట దొరకాలన్నది ఉద్దేశం. మొగుడు కొడితే కూడా పోవచ్చు. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రాలు పోలీసు శాఖవి, ఆడవాళ్ళు, పిల్లల మీద నేరాల్లో అక్కడే వాంగ్మూలం, సలహా, సాయం దొరుకుతాయి. సిబ్బంది తక్కువ, జీతాలు ఆలస్యం, దూరం ఎక్కువ. అవి మనం పోరాడాల్సిన విషయాలే. అయినా ఉన్నదాన్ని వాడుకోకుండా లేనిదాని గురించే మాట్లాడితే ఈ రాత్రి దెబ్బలు తిన్న మనిషికి ఏం లాభం?

నష్టపరిహారం గురించి చాలామందికి ఉన్న అపోహ ఏమిటంటే, కేసు గెలిచాకే వస్తుందని. కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే విచారించి రెండు నెలల్లో తేల్చాలి. నిందితుడు దొరకకపోయినా, ఎవరో తెలియకపోయినా అడగవచ్చు. నిందితుణ్ణి వదిలేసినా కోర్టు సిఫారసు చేయవచ్చు. వెంటనే వైద్యానికి మధ్యంతర సాయం కూడా ఉంది. ఆడవాళ్ళ విషయంలో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించగా అది 2018 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి, ప్రాణం పోయినా 5 నుంచి 10 లక్షలు అని హద్దులు పెట్టారు. బాధితురాలు మైనరైతే ఆ హద్దు ఇంకో సగం పెరుగుతుంది. ఇది దయ కాదు. మనిషి ప్రాణాన్ని కాపాడలేకపోయిన ప్రభుత్వం కట్టాల్సిన బాకీ.

దళితులు, గిరిజనుల విషయానికి వద్దాం. ఇక్కడ భూమి ఉంది కాబట్టి కొంచెం నిదానంగా వినండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 అంటే కులం పేరుతో తిట్టడం, కొట్టడం మాత్రమే అనుకుంటాం. ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి చెందిన భూమిని, లేదా వాళ్ళకు కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించినా, సాగు చేసినా, వాళ్ళను అందులోంచి వెళ్ళగొట్టినా, వాళ్ళ నీటి హక్కుకు అడ్డుపడినా, పంట నాశనం చేసినా అది కూడా అత్యాచారమే. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల అసైన్డ్ భూముల్లో రాత్రికి రాత్రి కడీలు పాతి, ఫెన్సింగు వేసి, జేసీబీ తోలిన చోట మనవాళ్ళు సివిల్ కోర్టుకు పరుగెత్తుతారు. ఎదుటివాడు పట్టాదారు బలవంతుడు, కేసు పదేళ్ళు. అది క్రిమినల్ కేసు అని, అందులో డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలని, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరమే లేదని మనవాళ్ళకు తెలియాలి. ఈ నేరానికి లక్ష రూపాయల సాయం ఉంది. ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకు పంపినప్పుడు 50 శాతం, శిక్ష పడ్డాక మిగతా 25 శాతం. అంతకంటే పెద్దది ఇంకోటి. భూమిని, నీటి వసతిని ప్రభుత్వ ఖర్చుతో తిరిగి అప్పగించాలని నిబంధనల్లోనే ఉంది. లక్ష గురించి అడిగేవాళ్ళు కొందరున్నారు, భూమి అప్పగింత గురించి అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీనికి తోడు 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఎటూ ఉంది.

2016 సవరణ ప్రకారం నేరాన్ని బట్టి ఈ సాయం 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉంటుంది. హత్య అయితే పోస్టుమార్టం కాగానే సగం, చార్జిషీటు కోర్టుకు చేరాక మిగతా సగం. ఆ కుటుంబానికి పింఛను లేదా ఉద్యోగం లేదా భూమి, పిల్లల చదువు, మూడు నెలల తిండి గింజలు, వంట సామాను కూడా రాశారు. కలెక్టరు, ఎస్పీ నేరం జరిగిన చోటికి రావాలి, సాయం ఏడు రోజుల్లో అందించాలి. సాక్షి కోర్టుకు పోతే రానుపోను ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వాలి. కావాలని విధి నిర్వర్తించని అధికారికి కూడా శిక్ష ఉంది. నిందితుడు బెయిలు అడిగితే ముందు బాధితుడికి నోటీసు ఇచ్చి అతని మాట వినాలి. మన బీసీ, ఓసీ సభ్యులకు ఒక మాట. 'ఈ చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారు' అనే మాట సంఘం గడప లోపల వద్దు. కూలీ, రైతు ఒకే సంఘంలో ఉండాలంటే కూలీ ఇంటి మీద దాడి జరిగిన రోజు రైతు ఎక్కడ నిలబడ్డాడనేది లెక్కకు వస్తుంది.

విత్తనం గురించి తొందరగా చెప్పేస్తాం, మీలో చాలామందికి తెలిసిందే. 1966 విత్తన చట్టంలో మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 500 రూపాయలు. ఐదు వందలు! ఒక్క పత్తి ప్యాకెట్ ధర కాదు. నకిలీ విత్తనాలవాళ్ళ మీద మన రాష్ట్రంలో పీడీ యాక్టు పెడుతున్నారు, పత్రికల్లో ఫొటోలు వస్తున్నాయి. వాడు జైలుకు పోతే సంతోషమే, మరి ఎండిన చేను? దానికి దారి వినియోగదారుల కమిషన్. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఇచ్చిన తీర్పు మన తెలుగు రైతుల కేసుల మీదే వచ్చింది. విత్తన చట్టం ఉంది కదా, వినియోగదారుల కోర్టుకు రాకూడదని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. విత్తనం పరీక్షకు పంపలేదు అన్న వాదనా నిలవలేదు. రైతు కొన్న విత్తనమంతా విత్తుకుంటాడు గానీ, ఫెయిలవుతుందేమోనని కొంత దాచిపెట్టుకుంటాడా అని. ఈ ఒక్క మాట కోసమైనా ఆ తీర్పు ప్రతి మండల కమిటీ దగ్గర ఉండాలి. కొన్నదానికి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. అయితే బిల్లు ఉండాలి. గడ్డిమందు తట్టుకునే పత్తి అని సంచుల్లో తెచ్చి రాత్రిపూట అమ్మే దాన్ని బిల్లు లేకుండా కొన్నాక ఏ కోర్టూ ఆదుకోవడం కష్టం. బిల్లు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబరు, చేను ఫొటోలు, వ్యవసాయ అధికారికి ఇచ్చిన దరఖాస్తు మీద అందినట్టు ముద్ర, ఇవి దాచుకోండి.

ఫోన్ మోసం జరిగితే 1930. మొదటి గంటలో చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం ఎక్కువ. అలా ఆపిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా తిరిగి ఇప్పించే పద్ధతి మన రాష్ట్రంలో నడుస్తోంది. పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఫైలు నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పినా నొక్కుతాం. నొక్కాక సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో చెప్పకపోవడమే ఎక్కువ నష్టం.

ఇబ్రహీంపట్నంలో కూర్చుని బాధితుల గురించి మాట్లాడుతూ 2022 ఆగస్టు 25 గురించి మాట్లాడకుండా ఉండలేం. ఆ రోజు ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని నిమ్స్‌కు, అపోలోకు తరలించి వైద్యం చేయించారు. చుట్టుపక్కల మండలాల రైతుకూలీ కుటుంబాల ఆడవాళ్ళు, చిన్న చిన్న పిల్లల తల్లులు. చట్టం దీన్ని నేరం అంటుందా, నిర్లక్ష్యం అంటుందా అన్నది వేరే వాదన. ప్రభుత్వం చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షల చొప్పున, ఇల్లు, పిల్లలకు గురుకుల చదువు ప్రకటించింది. విచారణ వేశారు, సస్పెన్షన్లు, బదిలీలు జరిగాయి. ఆ ప్రకటనలు ధర్నాల వల్ల, పత్రికల వల్ల వచ్చినవి. అదే నలుగురు నాలుగు జిల్లాల్లో నాలుగు వేరువేరు రోజుల్లో చనిపోయి ఉంటే? ఒక్కో కుటుంబం ఒక్కో ఆసుపత్రి గేటు ముందు ఏడ్చి ఇంటికి పోయేది. బతికిన 30 మంది నడుము నొప్పి, కూలి పోయిన రోజులు, భయం, వీటిని లెక్కించే కాగితం ఏ ఆఫీసులోనూ లేదు. ప్రకటన ఒక రోజు వార్త. హక్కయితే దరఖాస్తు, నంబరు, గడువు, అప్పీలు ఉంటాయి. బాధితుల విషయంలో మనం అడగాల్సింది ఈ రెండోది.

కోర్టు మెట్లెక్కాక ఏళ్ళు పడుతుంది. ప్రభుత్వ వకీలు మారతాడు, సాక్షి ఊరు వదిలి వలస పోతాడు, నిందితుడి మనుషులు ఇంటి ముందు తిరుగుతారు. బాధితుడికి సొంత వకీలు ఉంటే ప్రభుత్వ వకీలుకు సాయం చేయనివ్వమని కోర్టును అడగవచ్చు. కొత్త చట్టంలో చార్జిషీటు, దాని కాగితాలు వకీలు ఉన్న బాధితుడికే ఉచితంగా ఇవ్వాలని రాశారు. ఆ చిన్న షరతు వల్ల వకీలు లేని పేదవాడికి కాగితం రాదు. కాబట్టి మొదటి రోజే ఉచిత వకీలును అడగాలి. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో పని లేదు. కరువు, వరద బాధితులకు కూడా 1987 న్యాయ సేవల చట్టంలో చోటుందని మనలో ఎందరికి తెలుసు? 15100కు ఫోన్ చేయొచ్చు, ఎల్బీనగర్ జిల్లా కోర్టులో జిల్లా సంస్థ ఉంది. బెదిరింపులుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలన్నా ముందు బాధితుడి మాట వినాల్సిందే.

ఇవన్నీ గుర్తుపెట్టుకోమని మేము అనడం లేదు. నిన్న రాత్రి కొడుకును పోగొట్టుకున్న మనిషి సెక్షన్లు గుర్తుపెట్టుకుంటాడా? అతని తరఫున గుర్తుపెట్టుకునే ఇద్దరు మనుషులు కావాలి. ప్రతి మండల కమిటీ ఇద్దరిని ఎంచుకోవాలి, అందులో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి. పని ఏమీ గొప్పది కాదు. స్టేషన్‌కు వెంట పోవడం, ఎఫ్‌ఐఆర్ నకలు తెచ్చి జిరాక్స్ తీయించడం, ఆసుపత్రిలో రాత్రి కూర్చోవడం, పరిహారం దరఖాస్తు రాయడం, వాయిదా రోజు పొద్దున్నే ఇంటికి పోయి తలుపు తట్టడం. సాక్షికి బస్సు చార్జీ, ఆ రోజు కూలి సభ్యత్వ నిధి నుంచి ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. ఒక నోటుబుక్కు పెట్టి కేసు నంబరు, వాయిదా తేదీ, రావాల్సిన సాయం, వచ్చింది రాయాలి. పేర్లు రాసిన ఆ పుస్తకం తాళంలో ఉండాలి.

భోజనాలకు పోయే ముందు మండలాలవారీగా ఆ ఇద్దరి పేర్లు ఇక్కడ రాయించండి. పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయడానికి నంబర్లు ఇవి: ఏ ఆపదకైనా 112, ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098, ఫోన్ మోసాలకు 1930, ఉచిత వకీలుకు 15100, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలకు 14566, విత్తనాలు, ఎరువుల మోసాల్లో వినియోగదారుల సలహాకు 1915. రంగు డబ్బా, బ్రష్షు ఖర్చు సంఘం ఇస్తుంది. గోడకు సర్పంచి అనుమతి తీసుకోండి.